కండరం చిట్లితే... నొప్పి తగ్గడం వేరు, కోలుకోవడం వేరు

మానవ శరీరంలో ఆరు వందలకు పైగా కండరాలున్నాయి. మనం నడిచినా, పరుగెత్తినా, బరువు లేపినా వాటి పనివల్లనే సాధ్యమవుతుంది. ఆటలాడే పిల్లల్లో, పోటీ పరీక్షల కోసం పరుగు సాధన చేసే యువతీయువకుల్లో ఎక్కువగా దెబ్బతినేవి కూడా కండరాలే. మన ప్రాంతంలో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్, బ్యాడ్మింటన్ ఆడేవారు చాలామంది ఉన్నారు. వడ్లమూడి, చేబ్రోలు, తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల తెల్లవారుజామున కాలువ గట్ల మీద, కాలేజీ మైదానాల్లో కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం పరుగెత్తేవారు అనేకులు. వీరిలో ఎవరికైనా ఒకనాడు తొడ పట్టేస్తుంది, పిక్కలో ఎవరో రాయి విసిరి కొట్టినట్లవుతుంది. ఇంటికి కుంటుతూ వస్తారు.

అప్పుడు కుటుంబ సభ్యులు సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి చేస్తుంటారు. కొందరు బిడ్డను నెల రోజులు మంచం దిగనివ్వరు. మరికొందరు నొప్పి తగ్గగానే మైదానానికి పంపిస్తారు. రెండూ నష్టమే. ఈ రెంటికీ మధ్య ఉన్న సరైన మార్గాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ చికిత్సలో వైద్యుడు, ఫిజియోథెరపిస్టు దారి చూపిస్తారు. రోజూ పక్కన ఉండి నడిపించవలసింది మాత్రం ఇంట్లోవారే.

కండరం ఎందుకు చిట్లుతుంది?

చాలామంది దీన్ని "నరం లాగింది", "నరం పట్టింది" అంటారు. నిజానికి అక్కడ దెబ్బతిన్నది నరం కాదు. కండరం వేలాది సన్నని పోగులతో తయారవుతుంది. ఆ పోగుల్లో కొన్ని గాని, ఎక్కువ గాని తెగడమే కండరం చిట్లడం. కీలు దగ్గర ఒక ఎముకను మరో ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్ సాగినా, చిట్లినా దాన్ని బెణుకు అంటాం. రెండింటికీ చికిత్స కొంత వేరు.

పరుగెత్తేటప్పుడు కాలు ముందుకు విసురుగా వెళుతుంది. పాదం నేలను తాకబోయే ముందు ఆ విసురును ఆపవలసిన బాధ్యత తొడ వెనుక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాలది. అవి సైకిల్ బ్రేకులాగా పనిచేస్తాయి. ఒకవైపు సాగుతూనే మరోవైపు బిగుసుకుని కాలును పట్టి ఉంచాలి. వేగం పెరిగిన కొద్దీ ఈ భారం బాగా పెరుగుతుంది. బలం చాలనప్పుడు, అలసిపోయినప్పుడు, ఒళ్ళు వేడెక్కకుండా ఒక్కసారిగా వేగం అందుకున్నప్పుడు పోగులు తెగుతాయి. తొడ ముందు కండరం బంతిని బలంగా తన్నేటప్పుడు, గజ్జ కండరం కబడ్డీలో పక్కకు కాలు చాచేటప్పుడు, పిక్క కండరం ఒక్క ఉదుటున ముందుకు దూకేటప్పుడు ఎక్కువగా గాయపడతాయి.

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యేవారి విషయంలో ఒక సంగతి గమనించాలి. చాలామంది నెలల తరబడి 1600 మీటర్ల పరుగునే సాధన చేస్తారు. పరీక్ష దగ్గర పడ్డాక హఠాత్తుగా 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ మొదలుపెడతారు. నిదానంగా ఎక్కువ దూరం పరుగెత్తడానికి అలవాటుపడ్డ కండరం, పూర్తి వేగానికి అలవాటుపడి ఉండదు. కనుక ఆ చివరి రోజుల్లోనే తొడ కండరం చిట్లే ప్రమాదం ఎక్కువ.

గాయంలో మూడు స్థాయిలు

1. స్వల్ప గాయం: కొద్ది పోగులు మాత్రమే తెగుతాయి. నొప్పి ఉంటుంది కాని నడవగలుగుతారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో కోలుకుంటారు.

2. మధ్యస్థ గాయం: చాలా పోగులు తెగుతాయి. కుంటుతారు, బలం తగ్గుతుంది, వాపు వస్తుంది, చర్మం కమిలిపోతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పట్టవచ్చు.

3. తీవ్ర గాయం: కండరం పూర్తిగా తెగడం, లేదా కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ ఊడిపోవడం. కాలు మోపలేరు. వేలితో తాకితే గుంట తగలవచ్చు. కొందరికి శస్త్రచికిత్స అవసరమవుతుంది. కోలుకోవడానికి మూడు నెలలు మించుతుంది.

గాయమైన ఒకటి రెండు రోజులకు కమిలిన నల్లని మచ్చ కిందికి, మోకాలి వెనుకకు జారడం చూసి ఇంట్లోవారు భయపడతారు. లోపల కారిన రక్తం కిందికి దిగడం వల్ల అలా కనిపిస్తుంది. మచ్చ కిందికి జారినంత మాత్రాన గాయం పెరుగుతున్నట్లు కాదు.

మొదటి రెండు మూడు రోజులు ఏం చేయాలి?

- ఆట వెంటనే ఆపాలి. "కొంచెం నడిస్తే అదే సర్దుకుంటుంది" అని ఆట కొనసాగించడం వల్ల చిన్న చీలిక పెద్దదవుతుంది.
- శుభ్రమైన గుడ్డలో చుట్టిన ఐసును 10 నుంచి 15 నిమిషాలు ఉంచి తీసివేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు చేయవచ్చు. ఐసును నేరుగా చర్మం మీద పెట్టరాదు. ఐసు నొప్పిని తగ్గిస్తుందే గాని కండరాన్ని అతికించదు.
- క్రేప్ బ్యాండేజిని కింది నుంచి పైకి, మరీ బిగించకుండా చుట్టాలి. కాలి వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయాలి.
- పడుకున్నప్పుడు కాలి కింద దిండ్లు పెట్టి ఎత్తుగా ఉంచాలి.
- కుంటకుండా నడవలేకపోతే కొద్ది రోజులు చేతికర్రల సాయం తీసుకోవాలి.

చేయకూడనివి కూడా తెలుసుకోండి. మొదటి రోజుల్లో వేడి కాపడం, నూనె మర్దనా పనికిరావు. వేడివల్ల రక్తస్రావం, వాపు పెరుగుతాయి. ఎవరి మోకాలో తగిలి తొడ కమిలినప్పుడు గట్టిగా మర్దనా చేయిస్తే, ఆ కండరంలో ఎముక గడ్డ కట్టే ప్రమాదం ఉంది. దీన్ని వైద్యులు మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. దానివల్ల మోకాలు నెలల తరబడి పూర్తిగా వంగకపోవచ్చు. బిగుతైన నాటు కట్టు కట్టించడం కూడా ప్రమాదకరమే. నొప్పి ఉన్నచోటే ఇంజెక్షన్ చేయించుకుని ఆటకు దిగడం మరీ ప్రమాదం. నొప్పి అనేది కండరం మనకు చేసే హెచ్చరిక. ఆ హెచ్చరికను నోరు నొక్కి పరుగెత్తిస్తే మిగిలిన పోగులు కూడా తెగుతాయి.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన లక్షణాలు

- గాయమైనప్పుడు "టప్" మని శబ్దం వచ్చి, కాలు మోపలేకపోవడం.
- మడమ పైన దెబ్బ తగిలినట్లనిపించి, మునివేళ్ళ మీద నిలబడలేకపోవడం. అకిలిస్ టెండన్ తెగిన సూచన కావచ్చు.
- కాలు రాయిలా బిగుసుకుపోయి, గంటగంటకూ నొప్పి పెరగడం, పాదం మొద్దుబారడం. ఇది అత్యవసర పరిస్థితి. కండరం లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసారం ఆగిపోవచ్చు. తెల్లవారేదాకా ఆగకూడదు.
- కొన్ని రోజుల విశ్రాంతి తరువాత పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉండడం. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. దీనితోపాటు ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయరాదు.
- అతిగా వ్యాయామం చేశాక మూత్రం టీ డికాషన్ రంగులో రావడం. కండరాలు విపరీతంగా దెబ్బతిని మూత్రపిండాలకు హాని కలిగే స్థితి ఇది.
- ఎదిగే వయసు పిల్లల్లో, అంటే సుమారు 13 నుంచి 17 సంవత్సరాల వారిలో, పరుగులో హఠాత్తుగా పిరుదు కింద గాని, తుంటి ముందు గాని తీవ్రమైన నొప్పి రావడం. ఈ వయసులో కండరానికి బదులు అది అతుక్కున్న ఎముక ముక్క ఊడిరావచ్చు. ఎక్స్‌రే అవసరం.

ఇవి లేనప్పుడు చాలా గాయాలను వైద్యుడు చేత్తో పరీక్షించే నిర్ధారించగలుగుతారు. ప్రతివారికీ ఎం.ఆర్.ఐ. స్కాన్ అక్కరలేదు. తీవ్రగాయం అనుమానం ఉన్నప్పుడు, లేదా కోలుకోవడం ఆలస్యమవుతున్నప్పుడు అల్ట్రాసౌండ్ లేదా ఎం.ఆర్.ఐ. తీయిస్తారు.

లోపల ఏం జరుగుతుంది?

చిట్లిన కండరం మూడు దశల్లో మానుతుంది. మొదటి కొద్ది రోజులు రక్తం గడ్డకట్టి, శరీరం తెగిపోయిన పోగులను శుభ్రం చేస్తుంది. తరువాత రెండు మూడు వారాలు కొత్త పోగులు మొలుస్తాయి, వాటి మధ్య మచ్చ కణజాలం అతుకు వేస్తుంది. ఆ తరువాత వారాలు, నెలల పాటు ఆ అతుకు గట్టిపడి, పోగులు ఒక వరుసలోకి వస్తాయి.

ఈ మూడో దశను అర్థం చేసుకోవడం ముఖ్యం. కొబ్బరి పీచు చిందరవందరగా ఉన్నప్పుడు లాగితే ఊడివస్తుంది. అదే పీచును ఒక దిశలో పేని తాడు చేస్తే బరువు మోస్తుంది. కొత్తగా పుట్టిన అతుకు కూడా అంతే. కొద్దికొద్దిగా లాగుడు, బరువు పడితేనే దాని పోగులు సరైన దిశలో అమరుతాయి. ఏ పనీ చెప్పకుండా వదిలేస్తే బలహీనమైన మచ్చగా మిగిలిపోతుంది. అలాగని ముందే బరువంతా వేస్తే తెగిపోతుంది. పునరావాస చికిత్స అంటే ఈ రెంటికీ మధ్య, రోజురోజుకూ సరిపడినంత బరువు వేయడమే.

నొప్పి సాధారణంగా రెండో దశలోనే తగ్గిపోతుంది. అతుకు గట్టిపడడం మాత్రం మూడో దశ దాకా పూర్తికాదు. అంటే నొప్పి లేకపోయినా కండరం ఇంకా బలహీనంగా ఉండే రోజులు చాలా ఉంటాయి. తిరిగి గాయపడేవారిలో చాలామంది ఈ రోజుల్లోనే గాయపడతారు.

పూర్తి విశ్రాంతి మంచిదేనా?

మన పెద్దలు "కదలకుండా పడుకో" అంటారు. ప్రేమతోనే అంటారు. కాని పరిశోధనలు వేరే మాట చెబుతున్నాయి. 2017లో డెన్మార్క్ వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. తొడ లేదా పిక్క కండరం గాయపడిన 50 మంది ఔత్సాహిక క్రీడాకారులను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి గాయమైన 2 రోజులకే వ్యాయామ చికిత్స మొదలుపెట్టారు. రెండో వర్గానికి 9 రోజులకు మొదలుపెట్టారు. ఇద్దరికీ చేయించిన వ్యాయామాలు ఒకటే. మొదటి వర్గంవారు 62, 63 రోజుల్లో నొప్పి లేకుండా ఆటకు తిరిగి వెళ్ళారు. రెండో వర్గానికి 83 రోజులు పట్టింది. ఒక్క వారం ఆలస్యం దాదాపు మూడు వారాల నష్టమైంది.

ఇందులో కుటుంబాలు గ్రహించవలసినవి రెండున్నాయి. ఒకటి, త్వరగా మొదలుపెట్టాలి. రెండు, త్వరగా మొదలుపెట్టిన వారికి కూడా రెండు నెలలు పట్టింది. చికిత్స త్వరగా మొదలుపెట్టడం అంటే ఆటకు త్వరపడడం కాదు.

వ్యాయామ చికిత్సలో మెట్లు

వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు గాయాన్ని బట్టి నిర్ణయిస్తారు. తీవ్రగాయం కాదని వైద్యుడు చెప్పిన తరువాతే ఇవి మొదలుపెట్టాలి. తొడ వెనుక కండరం గాయానికి సాధారణంగా అనుసరించే క్రమం ఇది.

మొదటి మెట్టు: నొప్పి పెరగనంత మేరకు మోకాలిని వంచడం, చాపడం. కాలు కదిలించకుండానే మడమను పరుపులోకి నొక్కి కండరాన్ని బిగించడం, వదలడం. కుంటకుండా నెమ్మదిగా నడవడం.

రెండో మెట్టు: వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు వంచి, నడుము పైకెత్తడం. మొదట రెండు కాళ్ళతో, తరువాత గాయమైన కాలితోనే. వేగంగా నడవడం, ఆపైన నెమ్మదైన పరుగు.

మూడో మెట్టు: కండరం సాగుతూ బలం పెట్టే వ్యాయామాలు. కాలి మీద నిలబడి నడుము దగ్గర ముందుకు వంగి లేవడం, బరువులతో చేయడం. పరుగు వేగాన్ని సగానికి, ముప్పావుకు పెంచుకుంటూ పోవడం.

నాలుగో మెట్టు: పూర్తి వేగంతో పరుగు, హఠాత్తుగా ఆగడం, మలుపు తిరగడం, దూకడం. తరువాత జట్టుతో కలిసి సాధన. చివరగా పోటీ.

ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎప్పుడు వెళ్ళాలో తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పద్ధతి పాటించవచ్చు. నొప్పికి సున్నా నుంచి పది వరకు అంకె వేయమని అడగండి. వ్యాయామంలో మూడు దాటకూడదు. మర్నాడు ఉదయం నిద్ర లేచేసరికి ముందు రోజుకంటే నొప్పి, బిగుతు పెరిగి ఉండకూడదు. పెరిగితే ఒక మెట్టు కిందికి దిగాలి. ఒక నోటు పుస్తకంలో తేదీ, చేసిన వ్యాయామం, నొప్పి అంకె రాసి ఉంచితే ఫిజియోథెరపిస్టుకు ఎంతో ఉపయోగం. రోజూ ఆసుపత్రికి రాలేని గ్రామాలవారికి ఆ పుస్తకమే సగం వైద్యం.

ఆటకు తిరిగి వెళ్ళవచ్చా? ఇలా పరీక్షించాలి

"నొప్పి లేదు నాన్నా, బాగానే ఉంది" అన్న ఒక్కమాట చాలదు. ఈ కింది వాటికన్నిటికీ "అవును" అని జవాబు రావాలి.

- గాయమైనచోట గట్టిగా నొక్కినా నొప్పి లేదా?
- రెండు కాళ్ళూ సమానంగా సాగుతున్నాయా?
- రెండో కాలితో సమానంగా బలం వచ్చిందా? ఉదాహరణకు, ఒంటికాలితో నడుము పైకెత్తే వ్యాయామం రెండువైపులా ఒకే లెక్కన చేయగలుగుతున్నారా?
- పూర్తి వేగంతో అనేకసార్లు, అలసిపోయాక కూడా, నొప్పి లేకుండా పరుగెత్తగలుగుతున్నారా?
- కొన్ని రోజులు పూర్తి సాధన చేశాక కూడా ఉదయాన బిగుతు లేదా?
- భయం లేకుండా, కాలు దాచుకోకుండా ఆడుతున్నారా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. మనసులో భయం ఉన్నవారు గాయమైన కాలిని కాపాడుకోబోయి మరో కాలికి దెబ్బ తగిలించుకుంటారు.

పోటీ తేదీ దగ్గర పడితే?

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. దేహదారుఢ్య పరీక్ష మూడు వారాల్లో ఉంది. వయోపరిమితి దాటిపోతోంది. కోచింగుకు డబ్బు కట్టారు. గాయమేమో మధ్యస్థ స్థాయిది. ఏం చేయాలి?

మొదట, గాయం స్థాయి ఏమిటో ఖచ్చితంగా తెలుసుకోవాలి. స్వల్ప గాయమైతే క్రమశిక్షణతో మూడు వారాల్లో సిద్ధం కావచ్చు. మధ్యస్థ గాయంతో 100 మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తితే, మళ్ళీ చిట్లే అవకాశం ఎక్కువ. రెండోసారి గాయం సాధారణంగా మొదటిదానికంటే ఎక్కువ కాలం తీసుకుంటుంది. అప్పుడు ఈ పరీక్షా పోతుంది, తరువాతిదీ పోవచ్చు. ఈ నిజాన్ని వైద్యునితో, బిడ్డతో కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి. అభ్యర్థనపై మరో తేదీ ఇచ్చే వీలు ఉందేమో వైద్య ధ్రువపత్రంతో ముందుగానే అధికారులను అడగాలి. పరీక్ష రోజున మాత్రం నొప్పి బిళ్ళ మింగి మైదానంలోకి పంపవద్దు.

పెద్ద క్రీడాకారులు కూడా ఇటువంటి నిర్ణయాలు తీసుకోవలసి వచ్చింది. గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్ 2017లో ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్ సూపర్ సిరీస్ టైటిళ్ళు నాలుగూ గెలిచి గొప్ప ఊపులో ఉన్నారు. నవంబరులో నాగపూర్ జాతీయ పోటీల తరువాత కాలి కండరం గాయంతో వైద్యుల సలహా మేరకు చైనా ఓపెన్ నుంచి తప్పుకున్నారు. ఆ తరువాత 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు సాధించారు.

పి.వి. సింధుకు 2025 ఫిబ్రవరిలో గువాహటి శిక్షణ శిబిరంలో హామ్‌స్ట్రింగ్ గాయమైంది. ఆసియా మిక్స్‌డ్ టీమ్ పోటీలకు ఆమె వెళ్ళలేదు. కోలుకోవడానికి అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పడుతుందని స్కాన్‌లో తేలినట్లు ఆమే ప్రకటించారు. మార్చిలో ఆల్ ఇంగ్లండ్ పోటీలకు తిరిగి వచ్చి మొదటి రౌండులోనే ఓడిపోయారు. ఆగస్టులో పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అప్పటి ప్రపంచ రెండో ర్యాంకు క్రీడాకారిణి వాంగ్ జియిని ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరారు. ఫిజియోలు, శిక్షకులు ఎల్లవేళలా వెంట ఉండే క్రీడాకారిణికే ఇంత ఓపిక కావలసి వచ్చింది. మన పిల్లలు తిరిగి వచ్చిన మొదటి రోజే పాత వేగం అందుకోవాలని ఆశించడం న్యాయం కాదు.

గాయం రాకుండా జాగ్రత్తలు

కండరం గాయాలను పూర్తిగా ఆపలేము గాని, బాగా తగ్గించవచ్చు. ఇందుకు ఖర్చు లేని ఒక వ్యాయామం ఉంది. దాని పేరు నార్డిక్ హామ్‌స్ట్రింగ్ వ్యాయామం. మెత్తని చాప లేదా దుప్పటి మీద మోకాళ్ళపై నిలబడాలి. వెనుక ఒకరు కూర్చుని రెండు చీలమండలను గట్టిగా పట్టుకోవాలి. ఈ పని అన్నయ్య గాని, తండ్రి గాని చేయవచ్చు. నడుము వంచకుండా, ఒంటిని నిటారుగా ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. ఇక ఆపలేమనుకున్నప్పుడు చేతులు నేలకు ఆనించి, తోసుకుని పైకి లేవాలి.

డెన్మార్క్‌లో 50 ఫుట్‌బాల్ జట్లలోని 942 మంది ఆటగాళ్ళ మీద జరిపిన అధ్యయనం 2011లో వెలువడింది. ఈ వ్యాయామం చేసిన జట్లలో 15 హామ్‌స్ట్రింగ్ గాయాలు కాగా, చేయని జట్లలో 52 అయ్యాయి. వారు మొదటి వారం ఒక్కరోజే, అయిదేసి చొప్పున రెండు విడతలతో మొదలుపెట్టి, పది వారాల్లో క్రమంగా పెంచారు. మొదట్లో కండరాల నొప్పులు సహజం కనుక నిదానంగానే పెంచాలి. పోటీకి ముందు వారంలో కొత్తగా మొదలుపెట్టకూడదు. గాయం ఉన్నవారు ఫిజియోథెరపిస్టు అనుమతి తరువాతే చేయాలి.

మిగిలిన జాగ్రత్తలు ఇవి.

- ఒళ్ళు వేడెక్కించడం: ఆటకు ముందు 15 నుంచి 20 నిమిషాలు నెమ్మదైన పరుగు, మోకాళ్ళు ఎత్తడం, ఒంటికాలి మీద నిలకడ, గెంతులు, క్రమంగా వేగం పెంచే పరుగులు చేయాలి. ఇటువంటి క్రమంతో ఫిఫా రూపొందించిన వ్యాయామ కార్యక్రమం వల్ల నార్వేలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లలో గాయాలు మూడో వంతు దాకా తగ్గినట్లు 2008లో వెల్లడైంది.
- వేగాన్ని అలవాటు చేయడం: వారానికి ఒకటి రెండు రోజులు వేగపు పరుగును మొదటి నెల నుంచే కొద్దికొద్దిగా చేర్చాలి. చివరి వారానికి దాచిపెట్టకూడదు.
- దూరం, బరువు నెమ్మదిగా పెంచడం: సెలవుల తరువాత, జ్వరం తగ్గిన తరువాత పాత స్థాయిలో మొదలుపెట్టకూడదు.
- నేల: గతుకుల గట్టు మీద, చీకట్లో వేగపు పరుగు వద్దు. సూర్యలంక ఇసుకలో పరుగు పిక్క కండరాలకు అదనపు భారం. అలవాటు లేనివారు కొద్ది నిమిషాలతో మొదలుపెట్టాలి.
- ఎండ: మన కోస్తా ఉక్కపోతలో వేసవి సాధన తెల్లవారుజామునే ముగించాలి. నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర ఉంచాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి బిళ్ళలు వాడితే మూత్రపిండాలకు హాని.
- నిద్ర: ఎదిగే పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి పన్నెండు దాకా చదివి, నాలుగింటికి పరుగుకు లేచే పిల్లల కండరాలకు మరమ్మతు జరిగే సమయమే ఉండదు.
- ఆహారం: పప్పు, గుడ్లు, పెరుగు, పాలు, చేపలు, వేరుశనగలు ఇంట్లోనే లభించే మాంసకృత్తులు. వేలు పోసి పేరు తెలియని పొడులు కొనవలసిన అవసరం లేదు. వాటిలో కొన్నింట్లో నిషేధిత పదార్థాలు కలిసే ప్రమాదం ఉంది.
- పాత గాయం: ఒకసారి గాయపడిన కండరమే మళ్ళీ గాయపడే అవకాశం అందరికంటే ఎక్కువ. ఆటకు వెళ్ళాక కూడా నెలల తరబడి బలవర్ధక వ్యాయామాలు మానకూడదు.

కుటుంబ సభ్యులు తరచు అడిగే ప్రశ్నలు

అమృతాంజనం వంటి బామ్‌లు రాయవచ్చా?
చర్మం మీద వెచ్చదనం కలిగించి కొంత ఉపశమనం ఇస్తాయి. లోపల తెగిన పోగులను అవి అతికించవు. మొదటి రోజుల్లో రుద్ది రాయడం వద్దు. పుండు, చీలిక ఉన్న చర్మం మీద అసలు వాడరాదు.

మర్దనా ఎప్పుడూ చేయించకూడదా?
మొదటి రోజుల్లో వద్దు. తరువాత ఫిజియోథెరపిస్టు చెప్పినప్పుడు, చెప్పినంత మేరకు చేయించవచ్చు. అది వ్యాయామానికి ప్రత్యామ్నాయం కాదు.

ఆడపిల్లకు ఇటువంటి గాయమైతే ఆట మాన్పించడం మంచిదా?
కాదు. కండరం గాయానికి ఆడ, మగ తేడా లేదు. సరిగా చికిత్స చేయిస్తే ఇద్దరూ తిరిగి ఆడగలుగుతారు. గాయాన్ని సాకుగా చేసుకుని ఆట మాన్పించడం వల్ల, తరువాత నొప్పి వచ్చినా పిల్లలు ఇంట్లో చెప్పడం మానేస్తారు.

మా అబ్బాయి చికాకుగా, దిగులుగా ఉంటున్నాడు. ఏం చేయాలి?
ఆట ఆగిపోయినవారికి ఇది సహజం. "సోమరితనం", "పిరికితనం" వంటి మాటలు అనకండి. మిత్రులతో మైదానానికి వెళ్ళి కూర్చోనివ్వండి. చేతులు, నడుము, రెండో కాలి వ్యాయామాలు చేయించండి. దిగులు వారాల తరబడి తగ్గకపోతే వైద్యునికి చెప్పండి.

ఓపికే బలం

ఇప్పటి బాపట్ల జిల్లాలోని నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 1994లో పుణే జాతీయ క్రీడల్లో ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగి తీవ్రంగా గాయపడ్డారు. అది కండరం కంటే కష్టమైన గాయం. శస్త్రచికిత్సలు, దీర్ఘకాలం వ్యాయామ చికిత్స అవసరమయ్యాయి. 1996 నుంచి 2000 వరకు వరుసగా అయిదేళ్ళు జాతీయ ఛాంపియన్‌గా నిలిచారు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. గాయానికీ ఆ విజయానికీ మధ్య ఏడేళ్ళు గడిచాయి.

ప్రతి బిడ్డా ఛాంపియన్ కావాలని లేదు. కాని ప్రతి బిడ్డా కుంటకుండా నడవాలి, ఇష్టమైన ఆట ఆడుకోవాలి, కోరుకున్న ఉద్యోగానికి పోటీపడాలి. అందుకు కుటుంబం చేయవలసినవి ఎంతో కష్టమైనవి కావు. గాయమైన వెంటనే ఆట ఆపించండి. మర్దనాకు, కట్టుకు పరుగులు తీయకుండా వైద్యునికి చూపించండి. వ్యాయామాలు త్వరగా మొదలుపెట్టించి, రోజూ దగ్గరుండి చేయించండి. నొప్పి పోయిన తరువాత కూడా కండరానికి బలం వచ్చేదాకా ఆగండి. ఆ ఆగిన కొద్ది వారాలే మీ బిడ్డకు ముందున్న సంవత్సరాలను కాపాడతాయి.